విల్లు పోయింది, దుమ్ము మిగిలింది

దూదేకుల వారు భుజాన విల్లు వేసుకొని వీధిలోకి వచ్చిన రోజులు మన పెద్దలకు గుర్తే. దాదాపు మనిషంత పొడవుండే ఆ విల్లు నారిని కొయ్య గుబ్బతో కొడుతుంటే, ఉండకట్టిన పాత దూది పింజలు పింజలుగా విడిపోయేది. దూదిలో తడి ఉన్నదా, చెత్త మిగిలిందా, ఏకడం చాలిందా అన్న సంగతి కంటికంటే ముందు చెవికీ అరచేతికీ తెలిసేది. తండ్రి పక్కన కూర్చుని, నారి పలుకు వింటూ కొడుకు నేర్చుకున్న విద్య అది.

ఇప్పుడు ఆ పనిని ముళ్ల రోలర్ల కరెంటు యంత్రం చేస్తున్నది. మనిషి ఒకవైపు దూది అందించి, మరోవైపు తీసుకుంటాడు. మోటారు హోరులో చెవికి పని లేదు. భుజాల నొప్పి తగ్గింది; అది చిన్న మేలు కాదు. విల్లు కాలాన్ని స్వర్ణయుగమని పొగడటం, ఆ విల్లు ఎన్నడూ మోయని వారికే సులభం. అప్పుడూ దుమ్ము పీల్చారు. అయితే ఆ పని ఎక్కువగా పెరట్లోనో చెట్టు కిందనో జరిగేది. నేడు కిటికీ లేని రేకుల షెడ్డులో, యంత్రం వేగానికి తగ్గట్టు లేచే దుమ్ములో, ముఖానికి తువ్వాలు చుట్టుకొని జరుగుతున్నది.

దూది దుమ్ము వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బును వైద్యులు బిస్సినోసిస్ అంటారు. సెలవు తర్వాత మళ్లీ పనిలోకి దిగిన మొదటి రోజున ఛాతీ పట్టేయడం దాని తొలి లక్షణం. 1948 ఫ్యాక్టరీల చట్టం దీనిని తప్పక తెలియజేయవలసిన వ్యాధుల్లో చేర్చింది. కాని ఇద్దరు ముగ్గురు పనిచేసే షెడ్డు ఫ్యాక్టరీ లెక్కలోకే రాదు. అక్కడి దగ్గు ఎవరి రిజిస్టరుకూ ఎక్కదు.

ఫోమ్ పరుపులు వచ్చాక గిరాకీ కూడా తగ్గింది. వృత్తి కరిగిపోతున్నా, ‘పింజారి’ అన్న మాట తిట్టుగా మాత్రం బతికే ఉంది. బుర్రకథ పితామహుడు షేక్ నాజర్ తన ఆత్మకథకు ఆ మాటనే పేరుగా పెట్టుకున్నారు.

దూదేకుల వారు బీసీ-బి జాబితాలో ఉన్నారు, మైనారిటీలు కూడా. కనుక రెండు శాఖలూ ఈ షెడ్లను తమ బాధ్యతగా చూడాలి. ఏటా ఒకసారి ఊపిరితిత్తుల పరీక్ష జరపాలి. విల్లు పట్టిన చేతులు కూలికి దిగకుండా, యంత్రానికి యజమానులయ్యేలా రుణాలివ్వాలి. ఆ రుణ పత్రంలోనే దుమ్మును బయటికి లాగే ఫ్యాను ఖర్చు కూడా ఒక పద్దుగా ఉండాలి.