బడిగంట ఎవరి వీలు కోసం?

అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రం 2023లో ఒక చట్టం చేసింది. 2026 జూలై నాటికి ఏ ప్రభుత్వ హైస్కూలూ ఉదయం 8:30కి ముందు తరగతులు మొదలుపెట్టకూడదన్నది దాని సారాంశం. గడువుకు ఇంకా ఏడాది ఉండగానే, 2025లో, అదే రాష్ట్రం వెనక్కి తగ్గింది. వేళలు మార్చితే ఎంత ఖర్చవుతుందో, ఏయే ఇబ్బందులు వస్తాయో నివేదిక రాసి పంపిస్తే చాలు, పాత వేళలే కొనసాగించుకోవచ్చని స్కూలు డిస్ట్రిక్టులకు వెసులుబాటు ఇచ్చేసింది.

పిల్లల నిద్ర గురించి వైద్యులు చెప్పింది తప్పని తేలడం వల్ల ఈ వెనకడుగు పడలేదు. గొడవంతా ఎక్కువగా బస్సుల చుట్టూ, డ్రైవర్ల కొరత చుట్టూ, డబ్బు చుట్టూ తిరిగింది. అమెరికాలో చాలాచోట్ల అవే పసుపుపచ్చ బస్సులు మూడు విడతలుగా తిరుగుతాయి. మొదట హైస్కూలు పిల్లల్ని దించి వచ్చి, తర్వాత మిడిల్ స్కూలు వాళ్లను, చివరికి చిన్నపిల్లల్ని ఎక్కించుకుంటాయి. హైస్కూలు గంట ఆలస్యమైతే చిన్నపిల్లలు చీకట్లో బస్సు కోసం నిలబడాలి. లేదంటే ఇంకా బస్సులు కొనాలి. కొనడం కంటే పదహారేళ్ల పిల్లల్ని ఐదున్నరకు లేపడమే చౌక. సూటిగా చెప్పుకుంటే జరిగింది అదే.

ఇంతకీ వైద్యులు చెబుతున్నదేమిటి? యుక్తవయసు వచ్చేసరికి ఒంట్లోని గడియారం ఆలస్యంగా నడవడం మొదలుపెడుతుంది. చీకటి పడ్డాక శరీరాన్ని నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ అనే హార్మోను చిన్నపిల్లల్లో కంటే ఆలస్యంగా ఊరుతుంది. పగలంతా మేలుకుని ఉన్నందుకు వచ్చే నిద్రమత్తు కూడా ఈ వయసులో నెమ్మదిగానే పేరుకుంటుంది. అందుకే పదింటికి దీపం ఆర్పేసినా పిల్లవాడు పదకొండు దాకా మంచం మీద దొర్లుతూనే ఉంటాడు. బ్రౌన్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ కార్స్కాడన్ దశాబ్దాలపాటు చేసిన పరిశోధన తేల్చింది ఇదే. 13 నుంచి 18 ఏళ్ల వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల అకాడమీ అంటోంది. పదకొండుకు కన్ను మూతపడిన పిల్లను ఐదున్నరకు లేపితే ఆమెకు దక్కేది ఆరున్నర గంటలే. ఆ దేశపు పిల్లల వైద్యుల అకాడమీ 2014లోనే, మిడిల్ స్కూళ్లూ హైస్కూళ్లూ 8:30కి ముందు మొదలుపెట్టవద్దని అడిగింది.

ఇది ప్రయోగశాలలో ఆగిపోయిన మాట కాదు. మిన్నెసోటా రాష్ట్రంలో ఎడైనా అనే ఊరు 1996లో హైస్కూలు వేళను 7:20 నుంచి 8:30కి మార్చింది. మరుసటి ఏడాది పక్కనే ఉన్న మిన్నియాపోలిస్ నగరం 7:15 నుంచి 8:40కి మార్చింది. కెంటకీ రాష్ట్రంలోని ఫేయెట్ కౌంటీ 1998లో ఒక గంట ఆలస్యం చేసింది. అక్కడ పదహారేళ్లకే పిల్లలు కారు నడుపుకుంటూ బడికి వెళతారు కదా. తర్వాతి రెండేళ్లలో ఆ కౌంటీలో టీనేజీ డ్రైవర్ల ప్రమాదాల రేటు 16.5 శాతం తగ్గింది. అదే కాలంలో మిగతా రాష్ట్రంలో 7.8 శాతం పెరిగింది. ఆ తేడా అంతా బడిగంట వల్లే వచ్చిందని ఎవరూ ప్రమాణం చేసి చెప్పలేరు. కానీ కొడుకు చేతికి కారు తాళం ఇచ్చే తండ్రి ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి చూడకుండా ఉండలేడు.

“గంట ఆలస్యం చేస్తే ఇంకో గంట ఎక్కువ మేలుకుంటారు, అంతే కదా!” అనేవారు అక్కడా ఉన్నారు, మన సంఘాల్లోనూ ఉన్నారు. దీనికి సియాటిల్ జవాబిచ్చింది. 2016లో ఆ నగరం హైస్కూళ్లను 7:50 నుంచి 8:45కి మార్చింది. మార్పుకు ముందూ తర్వాతా రెండు బడుల పిల్లల చేతులకు కదలికల్ని నమోదు చేసే పట్టీలు కట్టి చూశారు. పిల్లలు పడుకునే వేళ పెద్దగా మారలేదు. నిద్ర మాత్రం రోజుకు 34 నిమిషాలు పెరిగింది. ఆ రెండు బడుల్లో ఒకదానిలో పేద కుటుంబాల పిల్లలు ఎక్కువ. ఆ బడిలో హాజరు మెరుగుపడింది, ఆలస్యంగా వచ్చేవాళ్లు తగ్గారు. ఈ చర్చలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది ఈ చివరి సంగతే. బస్సు తప్పిపోతే కారులో దింపడానికి కలిగినవాళ్లకు వీలుంటుంది. లేనివాళ్ల పిల్లకు ఆ రోజు బడే పోతుంది.

ఇక సెల్‌ఫోను. తప్పంతా ఫోనుదే అనడం ఈ రోజుల్లో తేలిక. రాత్రి పదకొండింటికి దుప్పటి కింద వెలిగే తెర మేలు చేస్తుందని నేను అనను. ఫోను హాల్లో పెట్టించి పడుకోబెట్టే అమ్మల పక్షమే నాది. కానీ ఎడైనా గంట మార్చుకున్న 1996లో ఏ పిల్లవాడి చేతిలోనూ స్మార్ట్‌ఫోను లేదు. సమస్య అంతకుముందు నుంచే ఉంది.

కాలిఫోర్నియా కథ ఇంకొక తీరు. ఆ రాష్ట్ర సెనేటర్ ఆంథొనీ పోర్టంటీనో తెచ్చిన బిల్లును 2018లో అప్పటి గవర్నర్ జెర్రీ బ్రౌన్ తిప్పిపంపారు. ఇలాంటివి స్థానికులే తేల్చుకోవాలన్నది ఆయన మాట. ఉపాధ్యాయుల సంఘమూ ఆ బిల్లును వ్యతిరేకించింది. 2019 అక్టోబరులో తర్వాతి గవర్నర్ గావిన్ న్యూసమ్ సంతకం చేశారు. 2022 జూలై నుంచి హైస్కూళ్లు 8:30కి ముందు, మిడిల్ స్కూళ్లు 8 గంటలకు ముందు మొదలు కాకూడదు. పల్లె ప్రాంతాల డిస్ట్రిక్టులకు మినహాయింపు ఇచ్చారు. బ్రౌన్ మాట కొట్టిపారేయదగింది కాదు. అయితే ఎడైనా దారి చూపించాక స్థానికులకు ఇరవై ఏళ్లకు పైగా సమయం దొరికింది. చాలామంది కదలలేదు. ఆరింటికే పనిలోకి వెళ్లే తల్లికి ఈ మార్పుతో వచ్చే చిక్కు నిజమైనదే. కానీ ఆమె పిల్లల కోసం బడి గేటు ముందుగా తెరిచి, కూర్చోవడానికి చోటూ తినడానికి ఇంత టిఫినూ ఏర్పాటు చేయవచ్చు. ఆమె పేరు చెప్పి ఊళ్లో పిల్లలందరినీ చీకటితో లేపనక్కర్లేదు.

ఫ్రీమాంట్‌లోనో శాన్ హోసేలోనో ఉన్న మన బంధువుల పిల్లలు ఈ చట్టం కిందే చదువుకుంటున్నారు. అందులో ఒక సందు ఉంది. ‘జీరో పీరియడ్’ పేరుతో 8:30కి ముందు ఐచ్ఛిక తరగతి పెట్టుకోవచ్చు. ఒక సబ్జెక్టు ఎక్కువ చదివితే మంచి కాలేజీ వస్తుందనుకునే తల్లిదండ్రులు చట్టం తిరిగి ఇచ్చిన నిద్రను తామే మళ్లీ తీసుకోవచ్చన్నమాట.

మన రెండు రాష్ట్రాల్లో చిక్కు వేరేచోట ఉంది. సర్కారు హైస్కూళ్లు తొమ్మిది ప్రాంతంలోనే మొదలవుతాయి కాబట్టి బడిగంటతో పేచీ లేదు. ఇక్కడ నిద్రను మింగేది ఇంటర్ రెసిడెన్షియల్ కాలేజీల స్టడీ అవర్. తెల్లవారుజామున ఐదింటికి తలుపు కొట్టే వార్డెను, రాత్రి పది దాటినా వదలని పర్యవేక్షకుడు చాలా హాస్టళ్లలో మామూలే. దాన్ని క్రమశిక్షణ అని మెచ్చుకుని, అప్పు చేసి ఫీజు కట్టే విశ్వాసుల ఇళ్లు ప్రతి సంఘంలోనూ ఉన్నాయి. విశాఖపట్నంలో నీట్ శిక్షణ తీసుకుంటున్న ఒక అమ్మాయి మరణం కేసులో 2025 జూలైలో సుప్రీంకోర్టు విద్యార్థుల మానసిక ఆరోగ్యంపై దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. జూన్‌లో అడ్మిషనుకు వెళ్లేవారు ర్యాంకులూ ఫీజూ అడుగుతారు. రాత్రి ఎన్నింటికి దీపాలు ఆర్పుతారు, పొద్దున ఎన్నింటికి లేపుతారు అని కూడా అడగండి. జవాబులు రెండూ కాగితం మీద రాసుకుని మధ్యలో గంటలు లెక్కపెట్టండి.

సంఘం మాట కూడా అనుకోవాలి. త్రోయలో పౌలు ప్రసంగం అర్ధరాత్రి దాకా సాగుతుండగా ఐతుకు అనే యౌవనస్థుడు నిద్రపోయి మూడో అంతస్తు కిటికీలోంచి పడిపోయాడు. మన ప్రసంగాల్లో అతడు ఎప్పుడూ హెచ్చరికగానే వస్తాడు. కానీ ఆ సంగతి రాసిన లూకా ఆ కుర్రవాణ్ని ఒక్క మాట అనలేదు. ప్రసంగం ఎంతసేపు సాగిందో రాశాడు, గదిలో చాలా దీపాలున్నాయని రాశాడు. పౌలు కిందికి దిగి వెళ్లి అతణ్ని కౌగిలించుకున్నాడు.

డిసెంబరులో మన క్యారల్స్ తెల్లవార్లూ తిరుగుతాయి, ముందు నడిచేది యవనస్థులే. ఏడాదికి ఒకసారి వచ్చే ఆ ఆనందాన్ని కాదనలేం. శ్రమ దినాల కూటాల సంగతి వేరు. నలభై రోజులు, ఇంటింటా, తొమ్మిదిన్నర పదింటి దాకా. సరిగ్గా ఇంటర్, పదో తరగతి పరీక్షలు జరిగే రోజులవే. కూటంలో కునికిన పిల్లవాణ్ని సోమరి అని పదిమందిలో అంటాం.

వచ్చే ఏటి కూటాల పట్టిక చాలా సంఘాల్లో జనవరిలోనే తయారవుతుంది. పది, ఇంటర్ చదివే పిల్లలున్న ఇళ్లు ఏవో ముందే రాసుకుని పట్టిక వేయవచ్చు. ఆ ఇళ్లలో ఏడింటికి మొదలుపెట్టి ఎనిమిదిన్నరకు ముగించడం పెద్ద కష్టమేమీ కాదు. ప్రసంగీకుడికి ముందే చెప్పి ఉంచాలి, అంతే.