టికెట్టు ఉచితం, బస్సు ఏదీ?

మహాలక్ష్మి పథకం కింద ఆర్టీసీ బస్సుల్లో మహిళల ఉచిత ప్రయాణం 2023 డిసెంబరు 9న మొదలైంది. పేదింటి స్త్రీకి ఇంతటి మేలు చేసిన పథకాలు అరుదు. దానిని తక్కువచేసి మాట్లాడేవారితో ఈ పత్రికకు ఏకీభావం లేదు. అయితే హైదరాబాదు పాతబస్తీ నుంచి అడగవలసిన ప్రశ్న ఒకటి మిగిలే ఉన్నది. టికెట్టు ఉచితమే, కానీ ఎక్కడానికి బస్సు ఏదీ? తలాబ్‌కట్ట, వట్టెపల్లి, హఫీజ్‌బాబానగర్, షాహీన్‌నగర్ వంటి మొహల్లాల లోపలి గల్లీల నుంచి బస్సు ఆగే పెద్దరోడ్డు చేరాలంటే ముందు షేర్ ఆటో ఎక్కాలి. ఉచిత ప్రయాణం చేయడానికి డబ్బు చెల్లించవలసిన వింత పరిస్థితి ఇది.

ఈ కొరత ఒక్కరోజులో వచ్చినది కాదు. 2019 అక్టోబరు 5న మొదలై యాభై రోజులకు పైగా సాగిన ఆర్టీసీ సమ్మె ముగిసిన తరువాత, నష్టాల పేరిట నగరంలో వందలాది బస్సులను తగ్గించారు. ఆ గాయం మానకముందే కరోనా వచ్చింది. 2020 మార్చిలో ఆగిపోయిన సిటీ బస్సులు ఆరు నెలల తరువాత, సెప్టెంబరు 25న, అదీ నాలుగో వంతు మాత్రమే తిరిగి రోడ్డెక్కాయి. తరువాత క్రమంగా పెరిగినా, నగరం విస్తరించిన మేరకు బస్సులు పెరగలేదన్నది బస్టాపులో నిలబడిన ప్రతివారికీ తెలిసినదే.

బస్సును తీసివేసే పద్ధతిని మనం జాగ్రత్తగా గమనించాలి. ఫలానా రూటును రద్దు చేశామని ఎవరూ బోర్డు పెట్టరు. మొదట రాత్రి ఆఖరి ట్రిప్పు పోతుంది. మదీనా, పత్తర్‌గట్టీ దుకాణాల్లో పనిచేసి ఆలస్యంగా ఇల్లు చేరే కుర్రవాడు ఆ రోజునుంచి ఆటో వెతుక్కుంటాడు. తరువాత అరగంటకొక బస్సు గంటకొకటి అవుతుంది. అది కూడా వేళకు రాదు. వస్తుందో రాదో తెలియని బస్సు కోసం ఎవరు ఎంతకాలం ఎదురుచూస్తారు? జనం వేరే దారి చూసుకుంటారు, సీట్లు ఖాళీ అవుతాయి. అప్పుడు డిపో లెక్కల్లో ఆ రూటుకు ఆదరణ లేదని తేలుతుంది. సర్వీసును నీరుగార్చి ప్రయాణికులను పోగొట్టుకుని, ప్రయాణికులు లేరన్న కారణంతో సర్వీసును ఎత్తివేయడం ఎటువంటి న్యాయం? ఇందులో డ్రైవరు, కండక్టరు దోషం ఏమీ లేదు. కిక్కిరిసిన బస్సులో రోజంతా మాటలు పడేది వారే.

దీని భారం ఎవరి మీద పడుతున్నది? ఒక్కో విడతకు 20 రూపాయల చొప్పున రెండు ఆటోలు మారవలసిన స్త్రీని ఊహించండి. రానుపోను 80 రూపాయలు, నెలకు 25 పనిదినాలకు 2,000 రూపాయలు. ఇళ్ళలో పనిచేసే స్త్రీ సంపాదనలో అది ఎంత భాగమో పాఠకులకు చెప్పనవసరం లేదు. జ్వరంతో ఉన్న బిడ్డను నిలోఫర్‌కు తీసుకువెళ్ళే తల్లి ఉదయం ఓపీ వేళకు చేరలేకపోతే ఆ రోజు పని, ఆ రోజు కూలి రెండూ పోయినట్లే. వడ్డీకి దూరంగా ఉండాలని మనసారా కోరుకునే కుటుంబం కూడా చివరకు కిస్తీల మీద బండి కొంటున్నది. ఆ బండి మీద వెళ్ళేది సాధారణంగా ఇంటి మగవాడే. స్త్రీ ఎప్పటిలాగే గుమ్మంలో నిలబడుతుంది.

ఆడపిల్లల చదువు సంగతి మరీ ముఖ్యమైనది. ఢిల్లీ విశ్వవిద్యాలయ విద్యార్థినులపై గిరిజా బోర్కర్ అనే ఆర్థికవేత్త చేసిన అధ్యయనంలో, దారి సురక్షితంగా ఉంటుందన్న భరోసా కోసం అమ్మాయిలు మెరుగైన కళాశాలను వదులుకుని తక్కువ స్థాయి కళాశాలలో చేరడానికి సిద్ధపడుతున్నారని తేలింది. మన మొహల్లాల్లో ఇది అధ్యయనం చేయవలసినంత రహస్యమేమీ కాదు. కోఠీ కళాశాలలో సీటు వచ్చిన అమ్మాయిని ఇరుకు ఆటోలో పంపలేక పక్కవీధి కళాశాలలో చేర్చిన తండ్రులు మనలో ఉన్నారు. కొన్ని ఇళ్ళలో బస్సు లేకపోవడం కేవలం సాకు అన్న చేదునిజాన్ని కూడా ఒప్పుకోవాలి. బస్సు వస్తే ఆ సాకైనా పోతుంది.

నష్టాల వాదనకు చట్టంలోనే జవాబు ఉన్నది. 1950 నాటి రోడ్డు రవాణా సంస్థల చట్టం 22వ సెక్షన్ సంస్థను వ్యాపార సూత్రాలపై నడపమన్నది నిజమే. అధికారులు తరచూ తలచుకునేది దానినే. కానీ అదే చట్టం 18వ సెక్షన్ సమర్థమైన, తగినంత, చవకైన రవాణాను క్రమంగా ప్రజలకు సమకూర్చడం సంస్థ విధి అన్నది. పాతబస్తీలో టికెట్లు కొనరన్న పాత నిందకు కూడా ఇప్పుడు ఆస్కారం తగ్గింది. ప్రతి మహిళకూ జీరో టికెట్టు ఇస్తున్నారు, ఆ మొత్తాన్ని సంస్థకు ప్రభుత్వమే చెల్లించాలి. కనుక బస్సెక్కే ప్రతి స్త్రీ ఆర్టీసీ ఖాతాలో ఆదాయమే. ఆ బకాయి సకాలంలో రాకపోతే అడగవలసింది సచివాలయాన్ని, మొహల్లాను కాదు.

మెట్రో ఉన్న ప్రాంతాలు బస్సు లేకున్నా కొంత తట్టుకోగలవు. జూబ్లీ బస్ స్టేషన్ నుంచి వచ్చిన మెట్రో 2020 ఫిబ్రవరిలో ఎంజీబీఎస్ వరకు చేరి అక్కడే ఆగిపోయింది. ఫలక్‌నుమా దాకా రావలసిన ఆ మార్గానికి, ఇప్పుడు చాంద్రాయణగుట్ట వరకు పొడిగింపుగా, 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి శంకుస్థాపన చేశారు. అది పూర్తయ్యేదాకా బస్సే దిక్కు. ఆ బస్సు ఛార్జీలు కూడా జంటనగరాల్లో 2025 అక్టోబరు 6 నుంచి మొదటి మూడు స్టేజీలకు 5 రూపాయలు, నాలుగో స్టేజీ నుంచి 10 రూపాయలు పెరిగాయి.

హైదరాబాదు రాజ్యంలో ప్రభుత్వ బస్సు 1932లో 27 బస్సులతో, 166 మంది ఉద్యోగులతో మొదలైంది. ఆర్టీసీ బస్సు నంబరులోని ‘జెడ్’ అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరిట వచ్చిందని మన పెద్దలు నేటికీ చెప్పుకుంటారు. ఆ అక్షరం ఇప్పుడు పాతబస్తీ తల్లులకు దూరంగా తిరుగుతున్నది.

మనవైపు చేయవలసినవీ ఉన్నాయి. దుకాణం సామాను రోడ్డు మీదికి జరిపి, బండ్లు అడ్డంగా నిలిపి, బస్సు తిరగలేని గల్లీలోకి బస్సు రమ్మంటే అది ఎలా వస్తుంది? మసీదు కమిటీలు, బస్తీ పెద్దలు ముందుగా ఈ మాట తమవారికి చెప్పాలి. పెద్ద బస్సు పట్టని చోటికి మినీబస్సు అడగాలి. ఆ అడగడం నోటిమాటగా కాక కాగితం మీద ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద 10 రూపాయల రుసుముతో ఆర్టీసీకి దరఖాస్తు చేస్తే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. మీ రూటులో 2019 సెప్టెంబరులో రోజుకు ఎన్ని ట్రిప్పులు ఉండేవి, ఇప్పుడు ఎన్ని, మొదటి బస్సు, ఆఖరి బస్సు అప్పుడు ఏ వేళకు, ఇప్పుడు ఏ వేళకు అని అడగండి. వచ్చిన జవాబు నకలును మా కార్యాలయానికి పంపితే, రాబోయే సంచికల్లో రూటువారీగా ప్రచురిస్తాం.