అర అంగుళానికి ఒక అడుగు

పోయిన నెల ఈ శీర్షికలో మా పెరట్లో తులసికోట చుట్టూ పట్టాలు పరచిన సంగతి వ్రాశాను. చదివినవారిలో ఒకరిద్దరు మన సంఘం హాలులో కనిపించి, "రైలు తిరుగుతోంది, బాగానే ఉందండీ. అది ఆగేదెక్కడ?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆగే చోటు లేని రైలుకూ గానుగెద్దుకూ ఆట్టే తేడా లేదు. అందుచేత ఈ నెల స్టేషను కట్టడం గురించి వ్రాస్తున్నాను. బజారులో పెట్టెలో పెట్టి అమ్మే స్టేషను కాదు. మొదటినుంచి చివరిదాకా మన చేతులతో కోసి, అతికి, రంగు వేసి, ఎండకూ వానకూ ఒప్పగించేది. నేను చేసిన తప్పులు కూడా దాచుకోకుండా చెబుతాను. వాటివల్లే కొంత నేర్చుకున్నాను.

నేను కట్టదలచినది నౌపడ-గుణుపురం చిన్న లైనులోని ఒక స్టేషను. పర్లాకిమిడి రాజావారు గౌరచంద్ర గజపతిగారు నౌపడ నుంచి తమ ఊరికి వేయించిన రైలు 1900లో నడిచింది. వారి కుమారుని కాలంలో, 1931 నాటికి, అది గుణుపురం దాకా సాగింది. రెండు పట్టాల మధ్య ఎడం రెండున్నర అడుగులే. ఆ బండి ఎక్కినవారు మన సభ్యులలో ఇంకా చాలామందే ఉన్నారు. 2004లో ఆ లైను మూసి, పెద్ద లైనుగా మార్చే పని మొదలుపెట్టారు. 2011 నాటికి గుణుపురానికి పెద్ద రైలు వచ్చింది.

ఆ చిన్న లైనులో మా నాన్నగారు టిక్కెట్టు గుమాస్తా. స్టేషను పేరు చెప్పినా మీకు తెలియదు. ఒక గది, ముందు వసారా, పక్కన చింతచెట్టు, అంతే. ఆ గది ఇప్పుడు లేదు. మాకు మిగిలినవి ఒక ఫోటో, రెండు ఇటుకలు. ఇటుకలు నాన్నగారే తెచ్చారు, గది పడగొట్టిన వారంలో, సంచీలో వేసుకొని. ఎందుకు తెచ్చారో చెప్పలేదు, మేమూ అడగలేదు. అమ్మ వాటిని నూతి దగ్గర కాళ్లు కడుక్కునే చోట వేసింది.

ముందు కొలత సంగతి. ఇంగ్లండులోను, జర్మనీలోను పెరటి రైళ్ల వాళ్లకు ఇది పెద్ద శాస్త్రం. జర్మనీలో లేమన్ కంపెనీవారు 1968లో 45 మిల్లీమీటర్ల ఎడంతో పట్టాలు, బండ్లు తెచ్చారు. అసలు వస్తువులో ఇరవై రెండున్నరో వంతు, మీటరు గేజికి సరిపోయే లెక్క. హుబ్బళ్లిలో పాత మీటరు గేజి చూసి పెరిగిన మనవారికి అది పనికివస్తుంది. మాది రెండున్నర అడుగుల లైను కాబట్టి నేను అడుగుకు అర అంగుళం పెట్టుకున్నాను, అంటే ఇరవై నాలుగో వంతు. రెండున్నర అడుగులు అంగుళంబావు అవుతుంది. అది దొరికే 32 మిల్లీమీటర్ల పట్టాలకు వెంట్రుకవాసి తేడాతో సరిపోతుంది. షోలాపూరు వైపు వారికి 1897లో మొదలైన బార్శీ లైటు రైల్వే ఉండేది, అదీ రెండున్నర అడుగులదే కనుక వారికీ ఇదే లెక్క. ఇందులో సుఖమేమంటే కొత్త కొలబద్ద కొననక్కరలేదు. స్కూలు పిల్లల స్కేలు చాలు. పన్నెండు అడుగుల గోడ ఆరు అంగుళాలు, ఏడడుగుల తలుపు మూడున్నర. మా తాతగారి లెక్కల్లో ఎనిమిదో వంతును పరక అనీ, పదహారో వంతును వీసం అనీ అనేవారు. ఈ పనిలో ఆ రెండు మాటలూ నాకు మళ్లీ వాడుకలోకి వచ్చాయి.

గది లేదు, ప్లాను లేదు. ఫోటో ఒక్కటే ఆధారం. అందులో నాన్నగారు వసారా ముందు నిలబడి ఉన్నారు. ఆయన ఎత్తు అయిదడుగుల నాలుగంగుళాలని నాకు తెలుసు. ఫోటోలో సరిగ్గా రెండంగుళాలున్నారు. అంటే ఫోటోలో అంగుళం అసలులో 32 అంగుళాలు. బాగుందనుకొని తలుపు కొలిచాను. రెండంగుళాల మూడు వీసాలు. గుణిస్తే అయిదడుగుల పది అంగుళాలు వచ్చింది. స్టేషను తలుపు అంత పొట్టిగా ఉంటుందా? తల వంచి లోపలికి వెళ్లిన జ్ఞాపకం నాకు లేదు. ఒక రాత్రంతా ఆలోచిస్తే గాని తట్టలేదు: నాన్నగారు గోడకు ఆనుకొని లేరు, నాలుగైదు అడుగులు ఇవతల, కెమెరాకు దగ్గరగా ఉన్నారు. దగ్గర ఉన్నది పెద్దదిగా పడుతుంది. ఆయనతో గోడను కొలిస్తే గోడ తగ్గిపోతుంది.

అప్పుడు నూతి దగ్గరి ఇటుకలు జ్ఞాపకం వచ్చాయి. పాచి గీకి కొలిచాను. పొడుగు 9 అంగుళాలు, వెడల్పు నాలుగున్నర, మందం రెండు ముప్పాతిక. మధ్య సున్నం కలుపుకొంటే వరసకు 3 అంగుళాలు. భూతద్దం పెట్టి తలుపు పక్కన వరసలు లెక్కపెడితే 28 ఉన్నాయి. 84 అంగుళాలు, ఏడడుగులు. ఇటుకలు గోడలోవే కనుక వాటికి దగ్గరా దూరమూ లేదు. మీరు ఏ పాత కట్టడం ఫోటో నుంచి కొలతలు తీసినా, మనిషిని నమ్మకుండా గోడలోని ఇటుకనే నమ్మండి. ఆ లెక్కన గది పొడవు 20 అడుగులు, వెడల్పు 12, గోడ ఎత్తు 11 తేలింది. మనకు 10 అంగుళాలు, 6, అయిదున్నర.

మొదటి స్టేషను అట్టతోను, పెట్టె చెక్క ప్లైవుడ్డుతోను కట్టాను. వైశాఖంలో కట్టినది ఆషాఢం రాకముందే వాపు పట్టింది. రంగు దట్టంగా వేశాను కదా అనుకున్నాను. నీరు పైనుంచి కాదు, అడుగునుంచి ఎక్కింది. ప్లైవుడ్డు పొరలు పొరలుగా విప్పుకొంది, మిగిలినది చెదలకు పండుగ అయింది. దాని గురించి ఇంతకంటె వ్రాయడానికి ఏమీ లేదు.

రెండోసారి సైనుబోర్డులు చేసే దుకాణానికి వెళ్లాను. వాళ్లు అక్షరాలు కోయగా మిగిలిన తెల్లని ప్లాస్టిక్ పలక ముక్కలు పారేస్తారు. పి.వి.సి. ఫోము షీటంటారు. 5 మిల్లీమీటర్ల మందం, నీరు తాగదు, చెద తినదు, బ్లేడు కత్తికి వెన్నలాగా తెగుతుంది. దుకాణం ఆయన ఒడియాలో "ఎంత ఇల్లు కడుతున్నారు బాబూ?" అని అడిగితే, చేతులతో పది అంగుళాలు చూపించాను. ముక్కలకు డబ్బు పుచ్చుకోలేదు.

ఇటుకలు గీయడానికి సిరా అయిపోయిన బాల్‌పెన్ను చాలు. గట్టిగా నొక్కి గీస్తే పలక లోపలికి పోయి సున్నపు సందు లాగా నిలుస్తుంది. ఇటుక మందం మన లెక్కలో పరక అంగుళం, పొడుగు మూడు పరకలు. పాత గోడల్లో ఒక వరసలో ఇటుక పొడుగు కనబడితే, పై వరసలో ఇటుక తల కనబడుతుంది. తల వెడల్పు మూడు వీసాలు. ముందుగోడ ఒక్కదానికే 44 వరసలు, తలుపూ కిటికీలూ పోగా 1,400 పైచిలుకు ఇటుకలు. ఆఫీసు నుంచి వచ్చి కాఫీ తాగి కూర్చుంటే సాయంత్రానికి పదీ పన్నెండు వరసలు సాగుతాయి. మా ఇంటావిడ "కట్టే మేస్త్రీకైనా ఇంతకాలం పట్టదు" అన్నది. నిజమే. రంగు మాత్రం ఒకే ఎరుపు వేయకండి. ముందు ఇటుక రంగు వేసి, ఆరాక పలుచని సున్నపు రంగు అంతటా పూసి, వెంటనే గుడ్డతో తుడిచేయాలి. గీతల్లో తెలుపు నిలిచి, పైన ఎరుపు మిగులుతుంది. గోడలను రెండు ట్యూబులు కలిపే జిగురుతో అతికి, మూలల్లో లోపలివైపు చదరపు ముక్కలు ఆనించాలి.

పైకప్పు జింకు రేకులు. వాటిని కూల్‌డ్రింకు డబ్బాలతో చేశాను. డబ్బా కోసి చదును చేస్తే పలుచని అల్యూమినియం రేకు వస్తుంది. అంచులు చేతులు కోస్తాయి కనుక ఈ పని పిల్లలకు ఇవ్వవద్దు. మా ఇంటావిడ దగ్గర 3 మిల్లీమీటర్ల స్వెట్టరు సూదులు ఆరు అప్పుగా తీసుకొని, ఒక పలకమీద పక్కపక్కన అతికించాను. పైన రేకు పెట్టి, మరో సూదితో ఒక్కొక్క పల్లంలో నొక్కుకుంటూ పోతే ముడతలు పడతాయి. అసలు రేకులో ముడత మూడంగుళాలకు ఒకటి. ఇరవై నాలుగో వంతు చూస్తే సూది మందమే. ఒక అంచు నుంచి మొదలుపెట్టి వరసగా రావాలి. రెండు వైపులనుంచీ వస్తే మధ్యలో రేకు చిరుగుతుంది. ముడత పడ్డాక వెడల్పు తగ్గుతుంది, ముందే ఎక్కువగా కత్తిరించుకోవాలి. సూదులు తిరిగి ఇవ్వలేదన్నది ఇప్పటికీ ఇంట్లో ఒక ఫిర్యాదు.

ఎండ కూడా వానంత చెడ్డదే. ఈ ప్లాస్టిక్ పలక వేడికి మెత్తబడుతుంది. మూసిన గది, ముదురు రంగు కప్పు, ఏప్రిల్ మధ్యాహ్నం: మూడూ కలిస్తే గోడ వంగుతుంది. అందుకని చూరు కింద గాలి పోయే కంతలు పెట్టి, కప్పు విడిగా ఊడివచ్చేటట్టు చేశాను. పునాది సిమెంటు దిమ్మ, నేలకు ఒక అంగుళం ఎత్తున, నీరు జారేటట్టు కొంచెం వాలుగా ఉండాలి. దిమ్మలో రెండు మేకులు నిలబెట్టి గదిని వాటిమీద దించాను, జిగురు పెట్టలేదు. మన తీరం సంగతి తెలిసినదే కదా. 2013లో ఫైలిన్, 2018లో తిత్లీ చూసినవాళ్లం. తుపాను హెచ్చరిక వచ్చిందంటే స్టేషను ఎత్తి లోపల పెట్టేయడమే.

ఇంతా అయ్యాక అమ్మను పిలిచాను. ఆమెకు డెబ్బై ఆరేళ్లు, చూపు అంతంతమాత్రం. తులసికోట పక్కన పీట వేసుకొని కూర్చుని, వేళ్లతో గోడ తడిమింది, రేకు తడిమింది.

"బాగుందిరా నాయనా. టిక్కెట్ల కిటికీ ఇటేపు పెట్టావేం?"

"అక్కడే ఉందమ్మా" అని ఫోటో చూపించాను. ఫోటోలో గదికి ఎదురుగా చూస్తే కిటికీ ఎడమన, తలుపు కుడిన.

"ఫోటో సంగతి నాకు తెలీదు. కిటికీ కుడిచేతివైపు. నిన్ను ఎడంచంక నేసుకుని కుడిచేత్తో మీ నాన్నకి కారియరు అందించేదాన్ని. ఆ తలుపు రెక్క నీ తలకి కొట్టుకుంటుందని ఓ అడుగు ఇవతలే నిలబడేదాన్ని."

"నువ్వు మరిచిపోయావమ్మా. ఫోటో అబద్ధం చెబుతుందా?" అన్నాను.

ఆమె మరి మాట్లాడకుండా లేచి లోపలికి వెళ్లింది. ఆ ఏడాది మా ఇంట్లో ఆ మాట వాడుక ఎక్కువైంది. పులుసులో ఉప్పు రెండుసార్లు పడినా, పాలవాడికి డబ్బు రెండుసార్లు ఇవ్వబోయినా, మేమంతా వరసగా "నువ్వు మరిచిపోయావు" అనేవాళ్లం. అని ఊరుకునేవాళ్లం. రెండు రోజులపాటు అమ్మ నాతో అవసరమైన మేరకే మాట్లాడింది.

మూడో రోజు వసారా స్తంభాల కొలత కోసం భూతద్దం మళ్లీ ఫోటోమీద పెట్టాను. స్తంభం పక్కనే నాన్నగారు. తెల్లచొక్కా, జేబులో కలం. ఆ జేబు కుడి రొమ్ముమీద ఉంది. కుడివైపు జేబు కుట్టే దర్జీని నేను చూడలేదు. గడియారం చూశాను, అది కుడి మణికట్టుకు ఉంది. నాన్నగారు జన్మలో గడియారం ఎడమచేతికి తప్ప పెట్టుకోలేదు. ఫోటో కడిగినవాళ్లు ఫిల్ము తిరగేసి అచ్చువేశారు. ఇన్నేళ్లుగా ఆ ఫోటో మా ముందుగది గోడకు వేలాడుతూనే ఉంది, దానికి ఏటా దండ వేస్తూనే ఉన్నాం, ఒక్కరమూ చూడలేదు. నా స్టేషను మొత్తం అద్దంలో బొమ్మ.

అమ్మ దగ్గరకు వెళ్లి, "నువ్వు చెప్పినదే నిజమమ్మా. ఫోటోయే తిరగబడింది" అన్నాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్నది తల ఎత్తకుండానే "అలాగా" అంది.

పని విషయానికి వస్తే, ఈ పలకకు రెండు ముఖాలూ ఒక్కటే కావడం నా అదృష్టం. ముందుగోడను కత్తితో మెల్లగా ఊడదీసి, వెనుకది ముందుకు తిప్పాను. తలుపు ఎడమకు, కిటికీ కుడికి వచ్చేశాయి. పక్కగోడలు రెండూ చోట్లు మార్చుకున్నాయి. ఇటుకలు మాత్రం 44 వరసలూ మళ్లీ గీయవలసి వచ్చింది, నాలుగు సాయంత్రాలు. పాత గీతలు ఇప్పుడు గది లోపలివైపు ఉన్నాయి, కప్పు ఎత్తితే కనబడతాయి.

అంతా అతికాక మళ్లీ పీట వేశాను. అమ్మ తడిమి చూసింది. కిటికీలో వేలు పెట్టి చూసింది. తరువాత అడిగింది: "మరి కుండేదిరా?"

వసారాలో తలుపు పక్కన మంచినీళ్ల కుండ ఉండేదట, మూడు రాళ్లమీద, పైన మూకుడు, మూకుడుమీద గ్లాసు. ఫోటోలో అది లేదు. ఫోటో అంచు తలుపు దగ్గరే ఆగిపోయింది. ఈసారి నేను ఫోటో తీయలేదు, కాగితం, పెన్సిలు తీశాను. ఎంత ఎత్తుండేదని అడిగితే, మోకాలి దగ్గర చెయ్యి పెట్టి చూపించింది. అడుగున్నర. మన లెక్కలో ముప్పాతిక అంగుళం. కుమ్మరివీధి నుంచి పిడికెడు మన్ను తెచ్చి తడిగుడ్డలో చుట్టి ఉంచాను.