మారని పాత్ర లోపమా?

సంపాదకులకు,

కథ ముగిసేలోగా మారని పాత్ర రచయిత చేతకానితనానికి గుర్తని గత సంచికలోని వ్యాసం తేల్చేసింది. నేను ఒప్పుకోలేను. ‘కన్యాశుల్కం’ నాటకంలో అగ్నిహోత్రావధానుల్నే తీసుకోండి. పెద్ద కూతురు బుచ్చమ్మ విధవగా కళ్లెదుటే ఉన్నా, చిన్నపిల్ల సుబ్బిని ముసలి లుబ్ధావధాన్లకి కుదిర్చాడు. భార్య నూతిలో దూకినా పట్టు సడలించడు. ఆ మొండితనం ఇంటిల్లిపాదికీ తెలుసు. బతిమాలి లాభం లేదు కనుకే బావమరిది కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం కట్టి లుబ్ధావధాన్లతో దొంగపెళ్లి నడిపాడు. అవధాన్లు మధ్యలో మెత్తబడితే నాటకమే లేదు.

ఇలాంటి పాత్ర ఏం చేస్తుందో ముందే తెలిసిపోతుంది కదా అంటారు. తెలియనివ్వండి, కథని నెట్టేది ఆ తెలియడమే. 1927లో ఆంగ్ల నవలాకారుడు ఇ.ఎం. ఫార్‌స్టర్ పాత్రల్ని ఒకే గుణంతో నడిచే బల్లపరుపువి, నమ్మేలా ఆశ్చర్యపరిచే గుండ్రనివి అని విడదీస్తూ, నవలకు తరచు రెండూ కావాలనే అన్నాడు. ఆ రెండో మాటను మన విమర్శకులు ఎందుకో వదిలేస్తారు. ఇక గుండ్రని పాత్రకి అదే నాటకంలోని వేశ్య మధురవాణిని చూడండి. చివరి అంకంలో వకీలు సౌజన్యారావు పంతుల్ని ముద్దు అడిగి, ఆయన సిద్ధపడ్డాక తానే వద్దంటుంది. ఆశ్చర్యపోతాం, అయినా నమ్ముతాం. రామప్ప పంతులు టక్కరిగా, గిరీశం మాటకారిగా ఆఖరిదాకా అలాగే ఉండబట్టే ఆమె తెగువ మనకి అంత స్పష్టంగా కనిపిస్తుంది.

— ఒక పాఠకురాలు