జాబితాకెక్కని ఢిల్లీ

చారిత్రక కట్టడాన్ని కెమెరాలో బంధించడం బడి పిల్లలకు ఇప్పుడు చిటికెలో పని. కనుమరుగయ్యే వాడను నమోదు చేసేదెవరన్నదే ప్రశ్న

ఢిల్లీ వారసత్వం మీద ప్రాజెక్టు చేసుకురమ్మంటే రాజధాని బడుల్లో పిల్లలు ఏం తెస్తారో ముందే చెప్పేయొచ్చు. 72.5 మీటర్ల కుతుబ్ మీనార్, హుమాయూన్ సమాధి, ఎర్రకోట. మొదటి రెండూ 1993లో, మూడోది 2007లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి కాబట్టి సమాచారానికి కొదవ లేదు. ఒకప్పుడు చార్టు మీద బొమ్మలు అంటించేవారు. తర్వాత పవర్‌పాయింట్ వచ్చింది, ఆపైన వెబ్‌సైట్, ఇప్పుడు క్యూఆర్ కోడ్, డ్రోన్ వీడియో. పనిముట్టు మారింది గానీ పాఠం మారలేదు. ఎవరో ఎప్పుడో రాసిపెట్టిన నాలుగు పేరాలను ఒకచోటి నుంచి తీసి మరోచోట పెట్టడమే అన్వేషణగా చెలామణీ అవుతోంది.

మొదట్లో ఉద్దేశం ఇది కాదు. గ్లోబల్ స్కూల్‌నెట్ సంస్థ 1996లో మొదలుపెట్టిన అంతర్జాతీయ సైబర్‌ఫెయిర్ పోటీల సూత్రం చాలా సులువైనది. పిల్లలు తమ ఊరి పెద్దలను, కట్టడాలను, కళలను స్వయంగా పరిశోధించి వెబ్‌సైట్‌లో పెట్టాలి. కంప్యూటర్ అందుకు సాధనం మాత్రమే, చూడాల్సింది ఊరిని. క్రమంగా కంప్యూటరే ప్రదర్శన అయింది, ఊరు వెనక్కి పోయింది.

ఈలోగా కట్టడాలే మాయమవుతున్నాయి. మౌల్వీ జఫర్ హసన్ 1916-22 మధ్య పురావస్తు శాఖ కోసం తయారుచేసిన జాబితాలో ఢిల్లీలోని 1,300కు పైగా కట్టడాలున్నాయి. 1999లో ఇన్‌టాక్ వెలువరించిన జాబితాలో ఉన్నవి 1,208. వీటిలో కేంద్ర పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి రెండు వందల లోపే. ఆ రక్షణైనా ఎంత గట్టిదో 2013లో కాగ్ నివేదిక తేల్చింది. దేశంలోని 3,678 రక్షిత కట్టడాల్లో 1,655 చోట్లకు ఆడిట్ బృందాలు వెళ్లి చూస్తే 92 కట్టడాలు కనిపించలేదు. దశాబ్దం తర్వాత పార్లమెంటరీ స్థాయీ సంఘం మరో లెక్క బయటపెట్టింది. మొత్తం 3,693 కట్టడాల్లో కాపలాదారులున్నవి 248 మాత్రమే.

చివరికి 2024 మార్చిలో పురావస్తు శాఖ 18 కట్టడాలను తన జాబితా నుంచి తొలగించాలని నిర్ణయించింది. అందులో రాజధాని ప్రాంతానికి చెందినవి మూడు. ఢిల్లీలోని బారాఖంబా శ్మశానవాటిక, కోట్లా ముబారక్‌పూర్‌లోని ఇంచ్లావాలీ గుమ్టీ, ఫరీదాబాద్ జిల్లా ముజేసర్‌లోని 13వ నంబరు కోస్ మీనార్. మొగలుల కాలంలో రహదారి పక్కన బాటసారులకు దూరం చెప్పిన స్తంభం ఈ మూడోది. ముజేసర్ పేరుతో 2015 నుంచి మెట్రో స్టేషన్ ఉంది. మీనారే లేదు. చట్టం అండ ఉన్న కట్టడమే ఇలా పోతే, ఏ జాబితాలోనూ లేని బావి, గుమ్మటం, సత్రం సంగతి చెప్పక్కర్లేదు. వాటి పక్కనే బడి ఉంటుంది. బడిలో కెమెరా ఉన్న ఫోన్లు వందల్లో ఉంటాయి. ఆ పిల్లలు మాత్రం బస్సెక్కి కుతుబ్ మీనార్‌కు వెళతారు.

తెలుగువారికి నేరుగా సంబంధమున్న ఉదాహరణ ఒకటి నిజాముద్దీన్ బస్తీలో ఉంది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ఢిల్లీ చేరిన ఒక తెలుగు అధికారి మతం మారి మక్బూల్ అయ్యాడు. ఫిరోజ్ షా తుగ్లక్ కొలువులో వజీరుగా ఎదిగి ఖాన్-ఎ-జహాన్ బిరుదు పొందాడు. చరిత్రలో ఆయన పేరు చివర తిలంగానీ అని ఉండటానికి కారణం పుట్టిన గడ్డే. ఆయనకు చదవడం, రాయడం రాకపోయినా మహా తెలివైనవాడని నాటి చరిత్రకారుడు అఫీఫ్ నమోదు చేశాడు. ఆయన సమాధి ఢిల్లీలో తొలి అష్టకోణ సమాధిగా పేరుపొందింది. తర్వాత సయ్యద్, లోడీ సుల్తానుల సమాధులు, బీహార్‌లోని ససారంలో షేర్ షా సమాధి ఆ నమూనాలోనే వచ్చాయి. ఖిర్కీ మసీదు, తుర్క్‌మాన్ గేటు దగ్గరి కలాన్ మసీదు కట్టించింది ఈయన కొడుకు జౌనా షా. ఇంత చరిత్ర ఉన్న తండ్రి సమాధి ఇప్పుడు ఇళ్ల మధ్య ఇరుక్కుపోయి, గల్లీలో నడిచేవారికి కనీసం ఆకారం కూడా అందకుండా ఉంది. కాస్త దూరంలోని హుమాయూన్ సమాధికి దేశదేశాల నుంచి జనం వస్తారు.

దుర్గాబాయి దేశ్‌ముఖ్ చొరవతో 1948లో ఏర్పడిన ఆంధ్ర ఎడ్యుకేషన్ సొసైటీ బళ్లు ఇదే నగరంలో ఉన్నాయి. రాజధానిలో పెరిగే తెలుగు పిల్లలు వారసత్వ ప్రాజెక్టు కోసం ఇంతకన్నా దగ్గరి కథ వెతుక్కోనక్కర్లేదు. వరంగల్ నుంచి వచ్చినవాడి కథ చెప్పే పనిలో ఫోన్ కెమెరా, పటం, నాలుగు ఇళ్ల పెద్దవాళ్ల మాటలు చాలు.

అయితే వారసత్వమంటే గుమ్మటాలేనా? ఢిల్లీలోనే ఇరవై ఐదేళ్ల కిందట కొందరు కుర్రకారు దీనికి వేరే జవాబు చెప్పారు. అవి పేద పిల్లలకు కంప్యూటర్ చూపించడమే వార్తగా ఉన్న రోజులు. ఎన్ఐఐటీకి చెందిన సుగత మిత్రా 1999లో కల్కాజీలో ఒక గోడకు కన్నం చేసి కంప్యూటర్ అమర్చితే, పక్క బస్తీ పిల్లలు ఎవరూ నేర్పకుండానే దాన్ని వాడటం ప్రపంచానికి వింతైంది. 2001 మేలో మొదలైన సైబర్‌మొహల్లాలో మాత్రం ప్రశ్న మరొకటి. కంప్యూటర్ పిల్లలకు ఏం నేర్పుతుందన్నది కాదు, దాంతో పిల్లలు నగరానికి ఏం చెబుతారన్నది.

విద్యారంగంలో పనిచేసే అంకుర్ సంస్థ, సీఎస్‌డీఎస్‌లోని సరాయ్ విభాగం కలిసి దీన్ని చేపట్టాయి. తొలి కేంద్రం ఎల్ఎన్‌జేపీ ఆసుపత్రి దగ్గరి బస్తీలో వెలిసింది. దాని పేరు కంప్యూఘర్. తర్వాత ఎమర్జెన్సీ నాటి పునరావాస కాలనీ దక్షిణ్‌పురిలో ఒకటి, యమున ఒడ్డున నంగ్లా మాంచీలో మరొకటి వచ్చాయి. వచ్చినవారిలో బడికెళ్లేవారు, మానేసినవారు, ఏదో పని చేసుకునేవారు అందరూ ఉన్నారు. వారి చేతికి డబ్బు పెట్టి కొనక్కర్లేని సాఫ్ట్‌వేర్‌తో నడిచే కంప్యూటర్లు, కెమెరాలు, శబ్దాలు పట్టుకునే రికార్డర్లు అందాయి. టైపింగ్ పరీక్షలు, సర్టిఫికెట్లు అక్కడి లక్ష్యం కాదు. తమ గల్లీని చూడటం, వినటం, రాయటం, రాసింది ఒకరికొకరు చదివి వినిపించుకోవటం, మళ్లీ రాయటం.

ఆ పనిలోంచి గోడపత్రికలు పుట్టాయి. స్టిక్కర్లు, యానిమేషన్లు, శబ్ద రికార్డులు వచ్చాయి. 2002లో 'గలియోం సే' అనే పుస్తకం వచ్చింది. పురావస్తు శాఖ లెక్కలో ఈ గల్లీలకు వందేళ్లు కూడా లేవు. మున్సిపాలిటీ లెక్కలో కొన్ని అసలు ఉండకూడనివి. అక్కడ పుట్టి పెరిగినవారికి మాత్రం అదే ఊరు. ఎవరు ముందు వచ్చారు, నేల ఎలా చదును చేశారు, తొలి కుళాయి ఎప్పుడు పడింది, ఏ మలుపులో ఎవరు కూర్చుంటారు. కోటకు శాసనం ఉన్నట్టే బస్తీకీ పుట్టుక కథ ఉంటుంది. శాసనం చెక్కించే రాజే ఉండడు.

ఈ నమోదు ఎంత అవసరమో 2006లో తెలిసొచ్చింది. ప్రగతి మైదాన్ దగ్గర రింగు రోడ్డు పక్కన, విద్యుత్ కేంద్రం బూడిద పోసిన నేలను జనం తమ చేతులతో చదును చేసుకుని కట్టుకున్న వాడ నంగ్లా మాంచీ. కోర్టు ఉత్తర్వులతో ఆ ఏడాది దాన్ని కూల్చేశారు. ప్రత్యామ్నాయంగా స్థలాలిచ్చింది ముప్ఫై కిలోమీటర్లకు పైగా దూరంలో, నగరపు వాయవ్య అంచున ఉన్న సావ్డా ఘేవ్రాలో. అదీ అందరికీ కాదు. 1990కి ముందు నుంచీ ఉన్నట్టు రుజువు చూపితే 18 చదరపు మీటర్లు, 1998కి ముందు నుంచి ఉన్నట్టు చూపితే 12.5 చదరపు మీటర్లు. ఆ తర్వాత వచ్చినవారికి ఏమీ లేదు. ఇల్లు ఉందో లేదో తేల్చింది ఇటుకలు కాదు, రేషన్ కార్డులు, 1990 నాటి సర్వేలో ఇచ్చిన టోకెన్లు.

కంప్యూఘర్ కుర్రకారు రాసిపెట్టిన కాగితాలకు ఆ లెక్కలో విలువ లేదు. ఏ అధికారీ వాటిని రుజువుగా తీసుకోడు. అయినా వారు రాస్తూనే ఉన్నారు. సర్వే కోసం తలుపులు తట్టిన రోజు, నోటీసు వచ్చిన రోజు, బుల్‌డోజర్ వచ్చిన రోజు, సామాను ట్రక్కెక్కిన రోజు. ఇరవై మంది యువ రచయితల ఈ రాతలు 2007లో రాజ్‌కమల్ ప్రకాశన్ ద్వారా హిందీలో 'బహురూపియా శహర్'గా, 2010లో శ్వేతా సర్దా అనువాదంతో పెంగ్విన్ ద్వారా ఇంగ్లిష్‌లో 'ట్రిక్‌స్టర్ సిటీ'గా వచ్చాయి. ఇవాళ నంగ్లా మాంచీ ఉన్నచోట నంగ్లా మాంచీ లేదు. అక్కడ జనం ఎలా బతికారో తెలుసుకోవాలంటే ఆ పిల్లల రాతలే గతి. కోర్టులో చెల్లని కాగితం చరిత్రలో చెల్లింది.

ఇక్కడ గమనించాల్సిన విషయం మరొకటుంది. కంప్యూటర్‌లో పుట్టిన ఆ రచన గ్రంథాలయం దాకా చేరింది అచ్చు పుస్తకంగానే. డిజిటల్ అంటే శాశ్వతమన్న భ్రమ బడుల్లో బలంగా ఉంది. 2000 ప్రాంతంలో విద్యార్థుల వెబ్‌సైట్లకు ప్రపంచమంతటా ఉచిత నివాసంగా ఉన్న జియోసిటీస్‌ను యాహూ 2009 అక్టోబరులో మూసేసింది. ఫ్లాపీలు చదివే యంత్రాలు పోయాయి. సీడీ పెట్టుకునే అర కూడా ఇప్పటి ల్యాప్‌టాప్‌లకు లేదు. తుగ్లకుల నాటి రాతి శాసనాన్ని ఇవాళ్టికీ చదవొచ్చు. ఇరవై ఏళ్ల కిందటి బహుమతి ప్రాజెక్టు సీడీని తెరవడం అంత తేలిక కాదు. మార్కులు పడగానే ప్రాజెక్టు ఫైలు తుడిచేసే అలవాటు ఉన్నంతకాలం బడులు తమ ఊరి చరిత్రను ఏటా రాసి ఏటా పారేస్తున్నట్టే.

నమోదు వల్ల ముప్పు కూడా లేకపోలేదు. గుమ్మటాన్ని ఆనుకుని ఇళ్లున్నచోట పిల్లలు తీసి నెట్‌లో పెట్టే ఫొటో రేపు ఆక్రమణకు సాక్ష్యం కావచ్చు. కట్టడం మీద ప్రేమ ఆ పక్కన బతికేవారి మీద ఫిర్యాదుగా మారడానికి ఒక్క క్లిక్ చాలు. ఇంటివాళ్ల అనుమతి అడగటం, ముఖాలు, ఇంటి నంబర్లు బయటపెట్టకపోవటం సాఫ్ట్‌వేర్ కన్నా ముందు నేర్పాల్సిన పాఠం. సైబర్‌మొహల్లా ఈ చిక్కును దాటింది రాసేవారూ ఆ వాడవారే కావడం వల్ల. నిజాముద్దీన్‌లోనూ ఇదే సూత్రం పనిచేసింది. 2007లో ఆగాఖాన్ ట్రస్టు అక్కడ చేపట్టిన పునరుద్ధరణలో లేజర్ స్కానింగ్ వంటి ఖరీదైన పరిజ్ఞానం ఎంత ఉందో, బస్తీ యువతీయువకులకు ఇచ్చిన శిక్షణా అంతే ఉంది. 'సైర్-ఎ-నిజాముద్దీన్' పేరుతో సంఘంగా ఏర్పడి సందర్శకులకు తమ గల్లీలు చూపించేది ఆ స్థానికులే. వారికి వారసత్వం పాఠం కాదు, పొరుగు.

ఇప్పుడు అవకాశం బడుల ముంగిట్లోకే వచ్చింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా పిల్లలకు పుస్తకాల సంచీ లేని పది రోజులు సూచించింది. 2024లో మార్గదర్శకాలూ వచ్చాయి. ఆ పది రోజులనూ బస్సు యాత్రలతో సరిపెట్టొచ్చు. లేదా ప్రతి బడీ తనకు నడక దూరంలో ఉన్న ఒక్క చోటును దత్తత తీసుకోవచ్చు. అది సమాధి కావచ్చు, దిగుడు బావి కావచ్చు, పాత సంత కావచ్చు, బస్తీ కావచ్చు. ఏటా అదే చోట నిలబడి, అదే కోణంలో, తేదీ వేసి ఫొటో తీయాలి. అక్కడి పెద్దవాళ్ల మాటలు రికార్డు చేసి రాసిపెట్టాలి. ఒక ప్రతి కంప్యూటర్‌లో, ఒక ప్రతి అచ్చులో, బడి గ్రంథాలయంలో ఉండాలి. ఈ ఏడాది ఏడో తరగతి ఆపినచోట వచ్చే ఏడాది ఏడో తరగతి మొదలుపెట్టాలి. పదేళ్లు తిరిగేసరికి ఏ ప్రభుత్వ శాఖ దగ్గరా లేని దస్త్రం ఆ బడి అల్మారాలో ఉంటుంది. ఏదైనా మాయమైతే కనీసం ఏ ఏడాది మాయమైందో చెప్పగలిగేవారుంటారు.

దీనికయ్యే ఖర్చు దాదాపు శూన్యం. కావాల్సిందల్లా బహుమతి రాని పనిని కూడా మెచ్చుకునే ఉపాధ్యాయుడు, మార్కులకు లొంగని ఓపిక. కుతుబ్ మీనార్ ఫొటోలు నెట్‌లో లెక్కలేనన్ని ఉన్నాయి. బడి వెనకున్న గుమ్మటానికి ఒక్కటి కూడా లేకపోవచ్చు. ఈ ఏడాది ప్రాజెక్టు అక్కడి నుంచి మొదలుపెట్టొచ్చు.