సముద్రం లేని వూళ్ళో తెప్ప

వరంగల్లుకు సముద్రం లేదని భూగోళం పుస్తకం చెబుతుంది. మా పెద్దవాళ్ళు మాత్రం ఆ మాట వొప్పుకోలేదు. వాన నీటికి కట్ట వేసి ఆపి, దానికే సాగరమనీ సముద్రమనీ పేర్లు పెట్టుకున్నారు. హనుమకొండ పక్కన ధర్మసాగరం వుంది. ఖమ్మంవైపు రైలెక్కితే కేసముద్రం స్టేషను వస్తుంది. నల్లగొండ దగ్గర వుదయ సముద్రం వుంది. బంగాళాఖాతం మాకు రెండువందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. దాన్ని తెచ్చుకోలేకపోయినా దాని పేరు తెచ్చుకున్నారు. పేరుతో పాటు తెప్పా వచ్చింది, చేపా వచ్చింది, నీటి గండమూ వచ్చింది.

ఈ సంగతి యెందుకెత్తానంటే, మా పక్కింటి కాలేజీ కుర్రవాడు మొన్న ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. అమెరికా తీరాన సన్నని ప్లాస్టిక్కు పడవలో ఒక్కడే మనిషి కూర్చుని, అట్టుముక్కలా పలచగా వున్న చేపను యెత్తి పట్టుకున్నాడు.

“కాకా, గీ చేపకు రెండు కండ్లు ఒక్కదిక్కే ఉన్నయేంది? గీ పడవ మన చెరువుల తేలుతదా?” అని అడిగాడు.

రెండూ మంచి ప్రశ్నలే. మొదటిదానికి ముందు జవాబు చెబుతాను.

ఆ చేప పేరు ఫ్లౌండర్. పుట్టినప్పుడు అన్ని చేపల్లాగే దానికీ చెరొక పక్క ఒక కన్ను వుంటుంది. యెదుగుతున్న కొద్దీ ఒక కన్ను మెల్లగా నెత్తిమీదుగా రెండో పక్కకు జరిగిపోతుంది. అప్పటినుంచి కన్ను లేని పక్కను నేలకు ఆనించి, పై పక్కకు యిసుక రంగు తెచ్చుకుని, పడుకునే బతుకుతుంది. మన కోస్తాలో దొరికే నాలుక చేపలు దానికి చుట్టాలే.

సముద్రం పక్కనున్న వుప్పుటేళ్ళలో పోటు వచ్చినప్పుడు నీళ్ళు గడ్డి మడుగుల్లోకి యెక్కుతాయి. పాటు వేళ దిగిపోతాయి. దిగే నీటితో చిన్న చేపలూ రొయ్యలూ బయటికి రాక తప్పదు. ఫ్లౌండర్ యేటి మూతి దగ్గర యిసుకలో వొదిగి పడుకుని నోటి ముందుకు వచ్చినదాన్ని పట్టుకుంటుంది. ఆ సంగతి తెలిసిన వేటగాడు కూడా ఆ మూతి దగ్గరకే పోయి కూర్చుంటాడు. చేపను వెతకడు, నీళ్ళు యెటు కదులుతున్నాయో చూస్తాడు. వేటలో సగం యిదే.

ఇక ఆ పడవ. దాన్ని కయాక్ అంటారు. వుత్తర ధ్రువం చుట్టుపక్కల మంచు దేశాల్లో ఇన్యూట్ ప్రజలు కర్రతోనో యెముకతోనో చట్రం కట్టి, పైన సీల్ తోలు బిగించి, వేటకు చేసుకున్న పడవ అది. ఇప్పుడు ప్లాస్టిక్కుతో చేస్తున్నారు. ఒకే మనిషి, రెండు వైపులా రెక్కలున్న ఒకే తెడ్డు. యింజను లేదు కనుక చప్పుడు లేదు. జానెడు లోతు నీళ్ళలో కూడా పోతుంది. మనిషి నీటికి మూరెడు యెత్తున కూర్చుంటాడు కనుక పెద్ద పడవవాడికి కనిపించనివి అతనికి కనిపిస్తాయి.

అంతమాత్రాన యిది మనకు కొత్త విద్య అనుకోనక్కరలేదు. దుంగలు పక్కపక్కన కట్టి అలల మీదికి తోసుకుపోయిన తెప్ప మన కోస్తా బెస్తలది. ఇంగ్లీషువాళ్ళ కటమరాన్ అనే మాట తమిళుల కట్టుమరం నుంచి పోయినదే. మా వరంగల్లు చెరువుల మీద దుంగలు తక్కువ. థర్మోకోలు పలకలు పేర్చి, చుట్టూ పాత వలో పట్టానో చుట్టి కడతారు. కొందరికి లారీ ట్యూబే తెప్ప. చాలామందికి చేతులే తెడ్లు. పొద్దుగూకే వేళ దానిమీద పోయి వల పరిచి వస్తారు, తెల్లవారుజామున పోయి యెత్తుతారు.

అలాంటి తెప్పమీద బతికే ముసలాయన ఒకరితో కట్టమీద కూర్చుని మాట్లాడాను. కొర్రమీను యెక్కడున్నదీ యెలా తెలుస్తుందని అడిగితే, “అది ఊపిరికి పైకి రావాలె గద సారూ. ఒక్క బుడగ చాలు మనకు” అన్నాడు.

శాస్త్రం చెప్పేదీ అదే. కొర్రమీనుకు మొప్పలతో పాటు గాలి పీల్చుకునే అవయవం వేరే వుంది. నీళ్ళలో యెంత వున్నా మధ్యమధ్య పైకి వచ్చి గాలి మింగి పోవలసిందే. అందుకే చెరువు యెండే రోజుల్లో తడి బురదలో దాక్కుని ప్రాణం నిలుపుకుంటుంది. చేపలబజారులో తడిగుడ్డ కింద గంటల తరబడి కదులుతూ కనిపించేదీ అదే. తెలంగాణ రాష్ట్ర చేపగా దాన్ని యెంచుకోవడంలో అన్యాయమేమీ లేదు; కరువుకు తట్టుకోవడం యీ గడ్డకూ తెలుసు, దానికీ తెలుసు.

చెరువుకు పోటుపాట్లు లేవంటారు. వున్నాయి, కాని రోజుకు రెండుసార్లు కాదు, యేడాదికి ఒకసారి. వానాకాలం పోటు, యెండాకాలం పాటు. చెరువు నిండి మత్తడి దూకిందంటే వూరంతా కట్టమీదికి వస్తుంది. 13వ శతాబ్దంలో, కాకతి గణపతిదేవుని యేలుబడిలో కట్టిన పాకాల చెరువు నీళ్ళు మున్నేరుగా సాగి కృష్ణలో కలుస్తాయి, కృష్ణతో సముద్రానికి పోతాయి. అంటే మా చెరువుకూ ఫ్లౌండర్ పడుకున్న వుప్పునీటికీ దూరపు చుట్టరికం వున్నట్టే. నీళ్ళు కిందికి దూకుతుంటే చేపలు యెదురెక్కుతాయి. అవి గుడ్లు పెట్టే చోటు వెతుక్కుంటూ పోయే తల్లిచేపలు. మనం గంపలు పట్టుకుని నిలబడేదీ సరిగ్గా అక్కడే.

బొచ్చె, రవ్వ లాంటి చేపలు నిలవ నీటి చెరువులో పిల్లలు పెట్టవు. వాటికి పారే వరదనీరు కావాలి. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, ఆయన సహచరులూ పీయూష గ్రంథి రసం సూదితో యెక్కించి ఆ చేపల చేత గుడ్లు పెట్టించారు. ఇప్పటికీ జూలై 10ని మత్స్య రైతుల దినంగా జరుపుతున్నారు. ఆ విద్య వల్లనే పిల్లల్ని పెంచి చెరువుల్లో వదలడం కుదిరింది. తెలంగాణ ప్రభుత్వం 2016లో వుచితంగా చేపపిల్లల్ని వదలడం మొదలుపెట్టిందన్నా దాని వెనుక ఆ సూదే వుంది.

కొర్రమీనుకు ఆ సూది అక్కరలేదు. మన చెరువు గడ్డిలోనే గుడ్లు పెడుతుంది. పిల్లలు కుంకుమ చల్లినట్టు యెర్రగా గుంపుకట్టి నీటి పైపైన తిరుగుతుంటే, కింద పెద్దచేప కాపలా కాస్తుంది. దగ్గరికి కప్పపిల్లను గాలానికి గుచ్చి వేస్తే తినడానికి కాకపోయినా తరమడానికైనా వచ్చి కరుస్తుంది. ఇంతకన్నా సులువైన వేట లేదు. ఆ కాపలా చేప పోతే ఆ గుంపంతా పక్క చేపల పాలు. మృగశిర కార్తెకు చేప తినడం మన ఆచారం. నేనూ తింటాను. కాని అది దాని సంతానానికి వేళ కూడానని మరిచిపోకూడదు. తూర్పు తీరంలో యేప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మరపడవల వేటకు సెలవు. యెర్రపిల్లల గుంపు కనిపించినప్పుడు తెప్పను పక్కకు తిప్పుకుంటే, అది చెరువుకు మనమిచ్చే సెలవు.

ఇక రెండో ప్రశ్న. కయాక్ మన చెరువులో తేలుతుందా? నిక్షేపంగా తేలుతుంది. చూడవలసింది మనిషి తేలతాడా అని.

ఆ ఫోను బొమ్మను నేను రెండోసారి చూసినప్పుడు చేపను చూడలేదు, మనిషి ఛాతీని చూశాను. తేలే చొక్కా తొడుక్కుని వున్నాడు. సరదాకు వేటాడేవాడి వొంటిమీద అది వుంది. అదే వేటమీద పిల్లల్ని సాకే మా తెప్పవాడి వొంటిమీద బనీను తప్ప మరొకటి లేదు. “యీత వచ్చు గద” అంటారు. యీత వచ్చినవాడి కాలుకు కూడా వల చుట్టుకుంటుంది. తామరతూడు పట్టుకుంటుంది. నడిచెరువులో గాలి లేస్తే థర్మోకోలు పలక ఆకులా తిరగబడుతుంది. చొక్కా తెప్పకు కట్టి వుంచితే లాభం లేదు, వొంటికి వుండాలి.

మరి నాలుగు మాటలు. వల తాడును నడుముకు కట్టుకోకండి. కట్టమీద ఒకరికి చెప్పి పోండి. థర్మోకోలును గట్టిగా చుట్టండి. అది పొడిపొడిగా రాలితే చెరువంతా చెత్త. సరదా వేటగాళ్ళు సొసైటీవాళ్ళను అడగనిదే గాలం వెయ్యకండి; ఆ చేప మీద వాళ్ళ కూడు వుంది.

చెరువుకు సముద్రమని పేరు పెట్టినవాళ్ళు గొప్ప కోసమే పెట్టారనుకోను. ఆ పేరు విన్నవాడు దిగేముందు ఒక్క క్షణం ఆలోచిస్తాడు. ప్రతి సొసైటీలోనూ సభ్యుడికొక తేలే చొక్కా వుండాలని నా మనవి. వలకు డబ్బు దొరికిన చోట దానికీ దొరకకపోదు.