పేరు ప్రక్కనున్న అక్షరములు



కుమార్తెను కళాశాలలో చేర్పదలచిన తల్లిదండ్రులు నేడు మొట్టమొదట అడుగునది ఉపాధ్యాయుల జాబితా. పేరు ప్రక్కన ఎం.ఏ. యనియు, పిహెచ్.డి. యనియు అక్షరములు బారులు తీరియున్నచో అచట చదువు బాగుగా నుండునని నిశ్చయించుకొందురు. అక్షరములు కొఱవడినచో పెదవి విఱిచి వేఱొక కళాశాల మాట తలపెట్టుదురు. ఇది తప్పని మేమనము. మన బిడ్డకు చదువు చెప్పబూనినవారు తామేమి చదివిరో తెలిసికొనగోరుట న్యాయమే. అయినను ఆ యక్షరములు దేనిని తెలుపును, దేనిని తెలుపజాలవు అను సంగతి యోచింపదగియున్నది. అందులకు విజయనగరపు సంగీత కళాశాలకంటె మంచి యుదాహరణము మాకు తోచలేదు.

1919వ సంవత్సరమున పూసపాటి విజయరామ గజపతిరాజుగారు శ్రీ విజయరామ గానపాఠశాలను స్థాపించిరి. తమ యుద్యోగి యొకరి కుమారుడు, చూపులేని బాలుడు, సంగీతము నేర్వగోరగా వాని నిమిత్తము పుట్టిన తలంపే పాఠశాలగా పెరిగినదని చెప్పుకొందురు. దాని ప్రథమాధ్యక్షులు హరికథా పితామహులైన ఆదిభట్ల నారాయణదాసుగారు. వారికి నరుల కొలువు సరిపడదు. అందుచే ప్రభువు పాఠశాలను శ్రీరామచంద్రునికి సమర్పించి, ఇది ఆ స్వామి సేవయే యని దాసుగారిని ఒప్పించిరని ప్రతీతి.

ఈ దాసుగారి చదువెట్టిది? వారు 1864లో అజ్జాడ గ్రామమున పుట్టిరి. పేదఱికముచే పసితనమున బడికి పంపరైరి. అయినను ఐదేండ్లకే భాగవత పద్యములు నోటికి వచ్చియుండెననియు, పుస్తకము కొనిపెట్టుమని అంగడి యెదుట మారాము చేసి పద్యములు గడగడ చదువగా, వర్తకుడు మెచ్చి పుస్తకమును ఊరకే యిచ్చి పంపెననియు చెప్పుదురు. బడి మొగము చూడని ఐదేండ్ల బిడ్డకు ఆ పద్యములు ఎవరు చెప్పిరి? తల్లి పనిపాటుల నడుమ చదువుకొనుచుండగా విని పట్టుకొనియుండునని తలచువారు కలరు. మేమును అట్లే తలంతుము. దాసుగారి గురుపరంపర చెప్పునపుడు వాసా సాంబయ్యగారి పేరు వచ్చును. ఆ తల్లి పేరు ఎవరును ఎత్తరు. పిమ్మట దాసుగారు సంస్కృతము, ఆంగ్లము, పారసీకము సాధించి, ఉమర్ ఖయ్యాము రుబాయీలను సంస్కృతమునను అచ్చ తెలుగునను అనువదించిరి. ఐదు తాళములను ఏకకాలమున నడుపగల లయజ్ఞులని పండితులు వారిని కొనియాడిరి. ఇందులో దేనికిని పేరు ప్రక్కన చేర్చుకొనదగిన అక్షరము లేదు.

ద్వారం వేంకటస్వామి నాయుడుగారి వృత్తాంతము ఇంతకన్నను చిత్రమైనది. వారు 1893లో బెంగుళూరున జన్మించి విశాఖపట్టణమున పెరిగిరి. చూపు మందగించుటచే బడిచదువు నడుమనే నిలిచిపోయెను. అన్నగారైన వేంకటకృష్ణయ్యగారే ఫిడేలున గురువు. గానపాఠశాల తెఱచినారని విని విద్యార్థిగా చేరుటకు విజయనగరము వచ్చిరి. వారి వాద్యము విన్న పెద్దలు, ఈయనకు మనము నేర్పవలసినది ఏమున్నదని, విద్యార్థిగా గాక ఆచార్యునిగా నియమించిరి. అప్పటికి వారికి 26వ యేడు. 1936లో దాసుగారి వెనుక అధ్యక్షపదవియు వారిదే యయ్యెను. 1941లో మద్రాసు సంగీత విద్వత్సభవారు సంగీత కళానిధి బిరుదమిచ్చిరి. 1957లో పద్మశ్రీ వచ్చెను.

మా తలంపున ఈ కథలో మెచ్చదగినవారు నాయుడుగారొక్కరే కారు. దరఖాస్తు చూచి ఊరకుండక, కూర్చుండబెట్టి విన్నవారిని మఱింత మెచ్చవలెను. వినగల చెవి యున్నచోట కాగితముతో పనిలేదు. ఆ చెవి అన్నియెడల నుండదు గనుకనే కాగితము పుట్టినది.

ద్వారంవారి యేలుబడిలోనే పట్రాయని సీతారామశాస్త్రిగారు గాత్రము చెప్పిరి. వీరు సాలూరు పెదగురువుగారని పేరొందిన తండ్రి నరసింహశాస్త్రిగారికడ నేర్చినవారు; అందుచే వీరిని చినగురువుగారనిరి. 1922లో పుట్టిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు చేత కాసులేని బాలుడై విజయనగరము చేరినపుడు, ప్రతిఫలము కోరక తమ యింట పాఠము చెప్పినది ఈ శాస్త్రిగారే. పాఠము దొరకినది గాని కడుపు నిండవలెను గదా! ఆ బాలుడు జోలె తగిలించుకొని మధూకరమెత్తెను. గడపగడపకు పిడికెడన్నము వేసిన ఇల్లాండ్రు ఎవరో ఏ జాబితాయు చెప్పదు. ఆ కళాశాల సిబ్బందిలో వారిని లెక్కింపకుండుట మాకు సమ్మతము గాదు.

ఇంతవఱకు చదివిన సోదరీమణులు, అట్లయిన పట్టములు వ్యర్థములా యని అడుగవచ్చును. కావు. నాయుడుగారిని పిలిచి విన్నవారు కలరు. అన్నదమ్ముల సాధన వినుచు వంటయింటిలోనే వర్ణములు వల్లించుకొన్న మన పూర్వస్త్రీలను పిలిచి విన్నవారెవరు? మేము కావ్యములు చదివినది తండ్రిగారి యెదుట చాపపై కూర్చుండి. మల్లినాథుని వ్యాఖ్య ఎంత వచ్చినను, అందులకు సాక్ష్యముగా చూపుటకు చీటి ముక్కయైన లేదు. అదే విజయనగరమున 1935లో పుట్టిన పి. సుశీలగారు ఈ పాఠశాలలోనే చదివి డిప్లమా చేతగొని వెలువడిరి. పురుషునికి పరీక్షాపత్రము అలంకారమైనచోట స్త్రీకి అది గడప దాటించు తాళపుచెవి యగుట మనమెఱుగనిది కాదు. కావున పట్టమును ఈసడించువారి మాటలకు మన బిడ్డలు చెవియొగ్గరాదు.

2022లో యూజీసీవారు ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్ అను నొక పదవిని కల్పించి, తమ వృత్తియందు ప్రసిద్ధులైనవారు పట్టములు లేకున్నను కళాశాలలలో బోధింపవచ్చుననిరి. మంచిదే. కాని దానికి 15 ఏండ్ల అనుభవము కావలెనట, నియమిత పదవులలో నూటికి 10కి మించరాదట. 26వ యేటి ద్వారం నాయుడుగారు ఈ నియమమునకు నిలువరు! ఇంటిపని, పురిటిదినములు, పెద్దల శుశ్రూష అను వానితో పదునైదేండ్లు గడచిన స్త్రీ తన యనుభవమును ఏ కార్యాలయపు ముద్రతో చూపవలెనో కూడ ఆ నియమము చెప్పలేదు.

నాటి గానపాఠశాల నేడు మహారాజా ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల. అచట ఒక మర్యాద తరతరములుగా వచ్చినది. ఉపాధ్యాయుని మీరేమి చదివిరని గాక, ఎవరి శిష్యులని అడుగుదురు. పట్రాయని సంగీతరావుగారు తండ్రి సీతారామశాస్త్రిగారి శిష్యులు, ఆ తండ్రిగారు తమ తండ్రి శిష్యులు. ద్వారం మంగతాయారుగారి ఫిడేలు వినినవారికి ఆమె వేంకటస్వామి నాయుడుగారి పుత్రికయని వేఱుగ చెప్పనక్కఱ లేకుండెను. ఈ ప్రశ్న సంగీతమునకేగాని గణితమునకు చెల్లదని మీరనవచ్చును; మా యెఱుకలో గణితము బాగుగ చెప్పువారందఱును తమకు చెప్పినవారి పేరు అడుగకమునుపే తలంతురు.

కావున జాబితా చూచిన పిమ్మట ఇంకొకటి కోరుడు: తరగతిగది వెలుపల గడియసేపు నిలిచి పాఠము వినుటకు అనుమతి. మా యెఱుకలోని తల్లులు కొందఱు ఈ వేసవిలో అట్లు అడిగిరి. ఒకచోట కుర్చీ వేయించి కూర్చుండబెట్టిరి. వేఱొకచోట ఆ జాబితా కాగితమునే మఱల చేతికిచ్చి పంపిరి.